రఘునాథపల్లిలో రైలు కూసిన రాత్రి

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు పరుగెత్తే చాలా ఎక్స్‌ప్రెస్ బళ్ళకి రఘునాథపల్లి అనే ఊరొకటుందని కూడా తెలీదు. జనగామలో అయితే కొన్ని దయతలచి ఆగుతాయి. రఘునాథపల్లి ప్లాట్‌ఫారం మీద మాత్రం దుమ్ము లేపి పోతాయంతే! నేనెక్కింది ప్యాసింజరు. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, పెంబర్తి, జనగామ... ప్రతి స్టేషనుకీ దండం పెట్టుకుంటూ సుమారు 100 కిలోమీటర్లు. ఒళ్ళో నా గిటారు పెట్టె. ఎదురు సీట్లో పెద్దమ్మ దాన్నే చూసి చూసి, ఆలేరు దాటాక ఉండబట్టలేక అడిగేసింది.

"అండ్ల ఏముంది కొడుకా, కుట్టు మిషనా?"

గిటారమ్మా అన్నాను.

"సినిమాల హీరో కొడ్తడు గదా, గదేనా?"

గదే! ఆ మాటకొస్తే మనందరికీ గిటారు తెలిసింది సినిమాల్లోనే కదా. హీరో మెడలో ఎలక్ట్రిక్ గిటారు వేలాడుతుంది, దానికి వైరు ఉండదు, అయినా మోగుతుంది! మనం ఈలలేస్తాం. అసలు వాయించినవాడు ఎక్కడో రికార్డింగ్ థియేటర్లో నల్లటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎదురుగా కాగితం మీద రాసినదాన్ని తప్పు లేకుండా దించేసి, ఆటో ఎక్కి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు. ఆ ఆటో ఎక్కే జాతిలో ఈ మీ వ్యాసకర్త కూడా ఒకడు.

దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తాను. రఘునాథపల్లికి నేను సరదాగా వెళ్ళలేదు, మొహం చెల్లక వెళ్ళాను. అంతకు వారం ముందు ఒక పాట రికార్డింగు జరిగింది. ఏ సినిమా, ఎవరి పాట అన్నది వద్దు. కాగితం మీద అన్నీ రాసి ఉన్నాయి గానీ మధ్యలో ఎనిమిది బార్లు మాత్రం ఖాళీ. "ఇక్కడ నీ ఇష్టం బాబూ, ఏదో ఒకటి వాయించు" అన్నారు సారు. పదేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట! తీరా రెడ్ లైటు వెలిగాక నా వేళ్ళు ఏం చేశాయనుకున్నారు? స్కేలు పట్టుకుని మెట్లెక్కి, మళ్ళీ మెట్లు దిగాయి. రెండో టేకులోనూ అంతే. మూడో టేకు లేదు. "సరేలే, కీబోర్డుతో నింపేద్దాం" అన్నారాయన మర్యాదగా. తిట్టినా బాగుండేది.

అందుకే ఆ ప్యాసింజర్లో కిటికీ పక్కన కూచుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చార్లీ క్రిస్టియన్‌ని వింటున్నాను. రాసిచ్చింది కాకుండా అప్పటికప్పుడు పుట్టించి వాయించే విద్యలో గిటారుకి ఆయన ఆదిగురువు లాంటివాడు. అమెరికాలో టెక్సాస్‌లో 1916లో పుట్టాడు, ఓక్లహోమా సిటీలో పెరిగాడు. ఆయన వచ్చేదాకా జాజ్ బ్యాండులో గిటారు పని వెనకాల కూచుని జుంక్ జుంక్ అని తాళం వేయడం. ముందు నిలబడి పాటని నడిపించే హక్కు ట్రంపెట్‌కి, శాక్సాఫోన్‌కి. ఎలక్ట్రిక్ గిటారు అప్పుడప్పుడే బజార్లోకి వస్తున్న రోజులు. దాన్ని చేతపట్టి 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరాడు. గిటారుకి నోరొచ్చింది!

కానీ ఒక చిక్కుంది చూడండి. ఆ కాలపు గ్రామఫోను రికార్డు ఒక పక్క మూడు నిమిషాల చిల్లర. అందులో బ్యాండుకి కొంత, నాయకుడి క్లారినెట్‌కి కొంత పోగా క్రిస్టియన్‌కి దక్కేది పావు నిమిషమో అర నిమిషమో. ఆ మనిషి రాత్రి డ్యూటీ దిగాక న్యూయార్క్ హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బుకి పోయేవాడు. అక్కడ గడియారం చూసేవాళ్ళు లేరు. బెబాప్ అని తర్వాత పేరుపడ్డ సంగీతం పురుడు పోసుకున్న గదుల్లో అదొకటి. డాన్సు చేయడానికి కాదు, చెవులొగ్గి వినడానికి పుట్టిన జాజ్ అది. 1941 మే నెలలో జెర్రీ న్యూమన్ అనే కాలేజీ కుర్రాడు రికార్డింగు మిషను మోసుకొచ్చి ఆ రాత్రుల్ని పట్టాడు. మరుసటి ఏడు మార్చి 2న క్రిస్టియన్ క్షయతో పోయాడు. నిండా పాతికేళ్ళు! ఆ కుర్రాడే ఆ మిషను మోయకపోతే, క్రిస్టియన్‌ని పావు నిమిషాల మనిషిగానే మనం లెక్కేసేవాళ్ళం.

అందులో 'స్వింగ్ టు బాప్' అని తర్వాత పేరు తగిలించిన ముక్క ఒకటుంది. మొదలు లేదు. మిషను తిప్పేసరికే ఆయన మధ్యలో ఉన్నాడు. మన లెక్కలో చెప్పాలంటే ఆ పాట కట్టు ఇలా ఉంటుంది: ఎనిమిది బార్లు పల్లవి, మళ్ళీ అదే పల్లవి, తర్వాత ఎనిమిది బార్లు వేరే దారి, మళ్ళీ పల్లవి. మొత్తం 32. ఇది గిర్రున తిరుగుతూనే ఉంటుంది. పల్లవి దగ్గర క్రిస్టియన్ పొదుపరి. చిన్న ముక్క అంటాడు, దాన్నే కొంచెం తిప్పి అంటాడు, ఊరుకుంటాడు. ఆ వేరే దారి వచ్చిందా, ఇక చూడండి! గుక్క తిప్పుకోకుండా పొడుగాటి వాక్యం. తాళం ఒకటో దెబ్బ దగ్గర మొదలెట్టడు, ముందో వెనకో ఎత్తుకుంటాడు. బారు గీతల్ని లెక్కచెయ్యకుండా దాటిపోతాడు. ఇక దారి తప్పాడు, అయిపోయాడు అనుకుంటాం. సరిగ్గా పల్లవి గుమ్మంలో దిగుతాడు! మళ్ళీ తిరుగుడు వచ్చినప్పుడు ఇంకో కొత్త వాక్యం. వెనక డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్ ఎక్కడ చిటికె వేయాలో అక్కడ వేస్తుంటాడు.

వందసార్లు విన్నాను. నోట్సు రాసుకున్నాను. వేళ్ళు కూడా పట్టేశాను. అయినా ఆ ఎనిమిది బార్ల దగ్గర నాకెందుకు చెమటలు పోశాయో మాత్రం తెలీలేదు.

రఘునాథపల్లిలో దిగాను. మా మామ రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇల్లు పట్టాలకి కూతవేటు దూరం. కూతవేటు అంటే నిజంగా కూతే! "వచ్చినవా అల్లుడా, మంచి దినం జూసి వచ్చినవ్. పక్కింట్ల ఇయ్యాల మల్లన్న పట్నం. రాత్రి ఒగ్గు కత ఉన్నది" అన్నాడు. 'నేను నిద్రపోవడానికొచ్చాను మామా' అందామనుకున్నాను, అత్త అప్పటికే జొన్నరొట్టె ముందు పెట్టేసింది.

ఊరి గురించి రెండు ముక్కలు చెప్పాలి. 2016 అక్టోబరులో జనగామ జిల్లా అయ్యేదాకా ఇది వరంగల్ జిల్లా. పత్తి చేలు, తాటి చెట్లు, పక్కనుంచి హైదరాబాద్–వరంగల్ హైవే. ఈ మండలంలోదే ఖిలాషాపూర్. సర్వాయి పాపన్న కోట అక్కడే. 1708లో ఓరుగల్లునే కొల్లగొట్టి, 1710లో మొగలాయిల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న మనిషి. దొరల కాగితాల్లో ఆయన బందిపోటు, పాటల్లో వీరుడు. సాయంత్రం బావ మోటారు సైకిలు మీద తీసుకెళ్ళి చూపించాడు. ఆ రాతి బురుజు కింద నిలబడితే ఏ డైరెక్టరుకైనా కెమెరా పెట్టబుద్ధేస్తుంది. అది ఇంకో వారం రాస్తాను.

రాత్రి తొమ్మిదింటికి పక్కింటికి వెళ్ళాం. వాకిట్లో పందిరి. నేల మీద పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి చల్లి పెద్ద ముగ్గు. దాన్నే పట్నం అంటారు. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఢమరుకం లాంటి చిన్న వాద్యం, జగ్గు అని కూడా అంటారు. కురుమ కులంలో ఒగ్గు పూజార్లు వంశపారంపర్యంగా మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. ఈ చుట్టుపక్కల మల్లన్న అంటే కొమురవెల్లి మల్లన్నే, ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం అక్కడ జాతరే.

కథకుడు అరవై దాటిన మనిషి. కాళ్ళకి గజ్జెలు. వెనక డోలు, తాళాలు, వంత పాడేవాళ్ళు. పక్కన సహాయకుడు ఒకడు, తలమీద కండువా కప్పుకుంటే ఆడమనిషి, తీసేస్తే మగమనిషి. సెట్టింగు లేదు, మేకప్పు లేదు, ఒక్క కండువాతో పదిమంది క్యారెక్టర్లు! పేరు రాయొద్దన్నాడాయన. "నా పేరు రాస్తె పక్కూరి బృందమోళ్ళు మమ్ముల ఎందుకు రాయలేదని లొల్లి పెడ్తరు" అన్నాడు.

మొదటి గంట నేను ఆవలిస్తూనే ఉన్నాను. తర్వాత ఒక సంగతి గమనించాను. కథ అందరికీ తెలిసిందే. ముసలమ్మలు తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తున్నారు. కానీ ఆయన చెప్పే మాట మాత్రం ఎవరికీ తెలీదు. ఎవరో వచ్చి కట్నం చదివిస్తే ఆ మనిషి పేరు తర్వాతి చరణంలో ప్రాస కుదిరి కూచుంటుంది. చంటిపిల్ల ఏడిస్తే ఆ ఏడుపు అంతఃపురంలోకి పోతుంది. ఒక తాగుబోతు లేచి ఏదో అరిచాడు. వాడు క్షణంలో మల్లన్న గొర్రెల మందలో తప్పిపోయిన పొట్టేలైపోయాడు. జనం విరగబడి నవ్వారు. వాడూ నవ్వి కూచున్నాడు!

అప్పుడొచ్చింది గూడ్సు బండి.

మల్లన్న, బలిజ మేడలమ్మ ఇంట్లో ఉండగానే, గొల్ల కేతమ్మను పెళ్ళాడబోయే ఘట్టం నడుస్తోంది. మంచి పట్టులో ఉంది కథ. సరిగ్గా అప్పుడే రైలు కూత, చెవులు గింగుర్లెత్తేటట్టు. నేనైతే ఆపేసేవాణ్ణి. రికార్డింగులో అయితే కట్ చెప్పి మళ్ళీ తీస్తారు. ఆయన ఆపలేదు. చెయ్యెత్తి పట్టాల వైపు చూపించి, సహాయకుడి వైపు తిరిగాడు. "ఇన్నవా కేతమ్మా! సవతొస్తున్నదని ఎరుకైంది మీ అక్కకు. మేడలమ్మ కూత కాజిపేట దాకా ఇనబడె!"

పందిరి ఊగిపోయింది నవ్వులతో. అది జోకు మాత్రమే అయితే నేనిక్కడ రాసేవాణ్ణి కాదు. అసలు విద్య తర్వాత మొదలైంది. బండి పట్టాలు మారేచోట చక్రాల టకటకలు వస్తున్నాయి కదా, డోలు మనిషి తన నడకని మెల్లగా వాటి మీదికి జరిపాడు. ఎవరూ సైగ చేయలేదు. ఆ నడక మీద కథకుడు మేడలమ్మ కోపాన్ని ఎత్తుకున్నాడు. ఒక్కో డబ్బా దాటుతుంటే ఒక్కో దెప్పిపొడుపు. ఏ పుస్తకంలోనూ ఉండని దెప్పిపొడుపులు! నువ్వు కట్టిన చీరెవరిది, పెట్టిన గాజులెవరివి అని మొదలెట్టి, ఊళ్ళో మాటలు, మార్కెట్లో పత్తి ధర, అన్నీ కలిపేశాడు. డబ్బాలు అయిపోవే! ఆయన కోపమూ అయిపోదు. ఆఖరికి గార్డు డబ్బా దాటింది. ఆ చప్పుడు తెగిన చోటే డోలు మీద ఒక దెబ్బ, వెంటనే వంతవాళ్ళు పాత పల్లవి ఎత్తుకున్నారు. మల్లన్న ఎక్కడ నిలబడ్డాడో అక్కడే ఉన్నాడు. కథ ముందుకు నడిచింది.

మామ నా మోకాలి మీద చరిచాడు. "జూసినవా? గార్డు డబ్బా పోయినంక ఒక్క దెబ్బ ఎక్వ గొట్టలే." ముప్ఫయ్యేళ్ళు పట్టాల చప్పుడు విన్న చెవులవి.

నా ఒళ్ళు జలదరించింది. మింటన్స్ క్లబ్బులో ఆ వేరే దారి, ఆ పొడుగాటి వాక్యం, పల్లవి గుమ్మంలో దిగడం... నేను వందసార్లు విన్నది ఇదే కదా! కాకపోతే అక్కడ ఎనిమిది బార్లు ముందే ఖరారు. ఇక్కడ ఎన్ని బార్లో గూడ్సు బండికే తెలుసు.

తెల్లారి టీ తాగుతూ ఆయన్ని పట్టుకున్నాను. "రైలుని కథలో కలపాలని ముందే అనుకున్నావా తాతా?"

"అనుకునుడేంది? రైలొచ్చినప్పుడు నేను ఆగితె జనం రైలును జూస్తరు. మల్ల నా దిక్కు తిప్పుకునేసరికి తెల్లారుతది. అందుకే దాన్ని గూడ కతల కలిపిన."

"మరి మాటలు అప్పటికప్పుడు ఎట్లా దొరుకుతాయి?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "మాటలకేం కరువు కొడుకా? యాడికి పోయినా మల్ల యాడికి రావాల్నో ఎరుకుండాలె. గదే కష్టం. నేను మా నాయన ఎన్క వంత పాడుకుంట పదేండ్లు తిరిగిన. గా పదేండ్లు నేర్చుకున్నది వచ్చే జాగనే, పొయ్యే జాగ గాదు."

టీ గ్లాసు నా చేతిలోనే చల్లారిపోయింది. రికార్డింగు థియేటర్లో నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. ఎక్కడికి పోవాలా అని వెతుకుతూ నిలబడిపోయాను, ఎక్కడికి రావాలో చూసుకోనేలేదు.

ఇక్కడ ఒక పేరు చెప్పకుండా ముందుకు పోతే పాపం. ఈ రఘునాథపల్లి పక్క మండలం లింగాల ఘనపూర్. అందులో మాణిక్యపురం అనే ఊరు. ఒగ్గు కథకి ఢిల్లీ దాకా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య ఊరది. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి. 2017 నవంబరు 9న కన్నుమూశారు. ఆయన కథల వీడియోలు ఇంటర్నెట్లో కొన్ని ఉన్నాయి, వెతుక్కుని చూడండి. మాట ఎక్కడ పాటైందో, పాట ఎక్కడ మాటైందో అతుకు కనపడదు. గొంతు ఒక్కటే, అందులోనే రాజు, రాణి, బంటు. మన సినిమా పత్రికలు హీరోగారి కొత్త కారు రంగు గురించి రాసిన సిరాలో పదో వంతు సత్తయ్యకి ఖర్చు పెట్టాయా? ఏమాటకామాటే, ఈ రాస్తున్నవాడూ బతికుండగా వెళ్ళి వినలేదు. గంటన్నర బస్సు ప్రయాణానికి బద్ధకించాను.

ఆయనకి దాదాపు ఏడాది ముందు, 2016 నవంబరులో, కోల్‌కతాలో ఇంకో మనిషి పోయాడు. కార్ల్‌టన్ కిట్టో. గిటారు సొంతంగా నేర్చుకున్నాడు. చుట్టూ హోటళ్ళన్నీ పాప్ పాటలకి మళ్ళిపోతున్నా, దశాబ్దాల పాటు బెబాప్‌ని వదలని మొండిఘటం. మోతల్లేవు, ఎఫెక్టుల్లేవు, కడిగిన ముత్యంలాంటి గిటారు ధ్వని. ఆయన మీద సుశీల్ కురియన్ 'ఫైండింగ్ కార్ల్‌టన్' అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. పేరు చూశారా! ఒక మహానగరంలో అందరి మధ్యా వాయిస్తున్న మనిషిని వెతికి పట్టుకోవలసి వచ్చిందన్న మాట. కిట్టో, సత్తయ్య ఒకరి పేరు ఒకరు విని ఉండరని నా అనుమానం. ఇద్దర్నీ ఒక పందిట్లో కూచోబెట్టి ఉంటే నేను టిక్కెట్టు బ్లాకులో అయినా కొనేవాణ్ణి.

సినిమా వాళ్ళం మేమేం తక్కువ చేశామా అంటారేమో. ఒగ్గు డోలు ఈమధ్య పాటల్లో బాగానే మోగుతోంది. ఎలాగంటారా? డోలు మనిషిని పిలిచి రెండు బార్లు కొట్టించుకుంటారు. ఆ రెండు బార్లనే కంప్యూటర్లో నాలుగు నిమిషాలు తిప్పుతారు. డోలు వస్తుంది, డోలు కొట్టేవాడి ఆలోచన రాదు! 2023లో వచ్చిన 'బలగం' గుర్తుందా? అది ఒగ్గు కథ కాదు, బుడిగ జంగాల కథాగానం. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చివర్లో నిలబడి కథ చెప్పేటప్పుడు థియేటర్లో ముక్కు చీదని వాడెవడు? కథ చెప్పే మనిషి మొహాన్ని, ఊపిరిని తెరమీద ఉండనిచ్చాడు దర్శకుడు వేణు యెల్దండి. అంతే ఆయన చేసింది, అది చాలా ఎక్కువ. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు.

మా కథకుడి బాధ ఇంకోటి. ఇదివరకు ఒక కథ కొన్ని రాత్రులు నడిచేదట. ఇప్పుడు రెండు గంటల్లో తేల్చమంటున్నారట, వెనక డీజే వాడు కాచుకుని ఉంటాడు కాబట్టి. "రెండు గంటల్ల కత ఒడుస్తది బిడ్డా. రైలొస్తె మాత్రం జాగ ఉండది" అన్నాడు. క్రిస్టియన్ పావు నిమిషాలు గుర్తొచ్చి నోరు పెగల్లేదు నాకు.

మధ్యాహ్నం గిటారు బయటికి తీశాను. డోలు మనిషి కొడుకు, ఇంటర్ చదివే పోరడు, "అన్నా, నువ్వు గొట్టు, నేను పడ్త" అన్నాడు. వేపచెట్టు కింద మొదలెట్టాం. మొదటిసారి వాడి నడకకి నేను అడ్డం పడ్డాను. రెండోసారి వాడు నవ్వాడు. మూడోసారి నేను చిన్న పల్లవి ఒకటి పట్టుకుని, అదే మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఊరుకున్నాను. ఎక్కడికీ పోలేదు. చాలాసేపటికి ఏదో ఒకచోట వేళ్ళు పక్కకి జారాయి, పోనిచ్చాను. ఎంతసేపు పోయానో తెలీదు, తిరిగి పల్లవిలో పడేసరికి పోరడు డోలు మీద ఒక్క దెబ్బ వేసి "వచ్చిండు!" అన్నాడు. గొప్పగా ఏమీ లేదు, నిజం చెబుతున్నాను. రికార్డు చేస్తే రెండోసారి మీరు వినరు. కానీ మెట్లెక్కి దిగడం మాత్రం కాదది.

రికార్డు అంటే గుర్తొచ్చింది. ముందురాత్రి కథని నా ఫోనులో రికార్డు చేస్తున్నాననే ధీమాతో ఉన్నాను. తిరుగు ప్యాసింజర్లో కూచుని చూసుకుంటే గంటా నలభై నిమిషాలే ఉంది. గూడ్సు రాకముందే బ్యాటరీ చచ్చిపోయింది! జెర్రీ న్యూమన్ రికార్డుకి మొదలు లేదు, నా రికార్డుకి అసలు ముక్కే లేదు. ఉన్నదాంట్లో నా ఆవలింత మాత్రం స్పష్టంగా వినపడుతోంది.

మామకి ఫోను చేసి గోడు వెళ్ళబోసుకుంటే, వచ్చే ఆదివారం అదే బృందం ఖిలాషాపూర్‌లో బీరప్ప కథ చెబుతోందన్నాడు. చార్జింగు డబ్బా ఒకటి కొన్నాను. ఖిలాషాపూర్ మీదుగా రైలు పట్టాలు లేవు మరి. ఈసారి ముసలాయన దేన్ని కలుపుతాడో!